వేయని టీకాకి వేసిన ముద్ర

ఆ వీధి పిల్లలు ఆమెని సూదత్త అనేవారు. ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆమె మలుపు తిరిగితే చాలు, ఆడుకుంటున్న పిల్లలు చేతులు చొక్కాల్లోకి లాక్కుని పారిపోయేవారు. "రండర్రా, సంచీలో ఉల్లిపాయలే ఉన్నాయి" అని సంచీ తెరిచి చూపిస్తే గానీ వెనక్కి వచ్చేవారు కాదు.

భర్త పోయాక ఆమె అన్నయ్య ఇంటికి చేరింది. పదకొండేళ్లుగా వెనక గదిలోనే ఉంటోంది. ఆ గదికి వీధివైపు తలుపు లేదు. వెళ్లినా వచ్చినా వదిన కుట్టుమిషను పక్కనుంచే నడవాలి.

అన్నయ్య పెద్దకొడుక్కి ఏడాదిన్నర వయసులో టీకా వేసింది ఆమే. మర్నాడు పొద్దున జ్వరం ముంచుకొచ్చి వాడు వదిన ఒళ్లోనే కళ్లు తేలేశాడు. రెండు నిమిషాలు ఫిట్సు. జ్వరం దిగాక లేచి బిస్కెట్టు అడిగాడు. ఇప్పుడు వాడికి పదేళ్లు, పిట్టగోడల మీద పరుగులు తీస్తున్నాడు. కానీ వదినకి ఆ రెండు నిమిషాలు ఇంకా అయిపోలేదు. తర్వాత పుట్టిన చిన్నదానికి ఒక్క సూదీ పడనివ్వలేదు. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టుందమ్మా నీ సంగతి" అని తోటి నర్సు నవ్వేది. సూదత్త కూడా నవ్వేసేది.

చిన్నదానికి ఆరేళ్లు వచ్చాయి. బడి నుంచి చీటీ వచ్చింది. తట్టు టీకా వేసినట్టు కార్డు చూపించకపోతే సోమవారం నుంచి క్లాసులోకి రానిచ్చేది లేదని. అన్నయ్య మినహాయింపు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. పెద్దవాడికి జ్వరంలో ఫిట్సు వచ్చినంత మాత్రాన చిన్నదానికి టీకా మానక్కర్లేదని ఆయన పంపించేశాడు.

ఆ సాయంత్రం అన్నయ్య చెల్లెలి గది గుమ్మంలో నిలబడ్డాడు. "నీ చేతిలో పనే కదా. ఒక్క ముద్ర."

"రిజిస్టరులో ఎక్కించాలి అన్నయ్యా. సీసా నంబరు రాయాలి. వేయని సూదిని ఎలా రాయను?"

మిషను ఆపకుండానే వదిన అంది, "వేసిన సూదికి ఏమైందో చూశాం కదమ్మా."

"పోనీ నేను ముట్టుకోను వదినా. వేరే సిస్టరు చేత వేయిస్తాను."

వదిన లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అన్నయ్య గొంతు తగ్గించాడు. "ఇన్నేళ్లలో నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

అడగలేదు. ఆ మాటే ఆమెని కట్టిపడేసింది. పోవడానికి ఆమెకి ఇంకో ఇల్లూ లేదు.

శనివారం మధ్యాహ్నం కేంద్రం ఖాళీ అయ్యాక లెక్క సరిపోవడానికి సీసాలోంచి ఒక మోతాదు లాగి సింకులో పోసింది. కుళాయి తిప్పింది. రిజిస్టరులో సీసా నంబరు, తేదీ రాసి కార్డు మీద ముద్ర గుద్దింది. ముద్ర కాస్త పక్కకి పడింది.

ఆరు వారాలు గడిచాయి. చిన్నదాని బెంచీ మీదే కూర్చునే పిల్లకి తట్టు పోసిందని కబురొచ్చింది. టీకా పడని పిల్లల్ని మూడు వారాలు బడికి రానివ్వకూడదు, జాబితా రాయమని డాక్టరు సూదత్తకే చెప్పాడు. రిజిస్టరు చూసి ఐదు పేర్లు రాసింది. ఆరో పేరు ఆమెకే తెలుసు.

ఇంటికి పరిగెత్తింది. "ఆ పిల్ల సెలవు నుంచి వచ్చి పక్కన కూర్చుంది నిన్న ఒక్కరోజే వదినా. మూడు రోజుల్లోపు వేయిస్తే తట్టు రాకుండా ఆగే వీలుంది. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కార్డుంది కదా," అన్నాడు అన్నయ్య. "ఇప్పుడు వేయిస్తే అప్పుడు వేయలేదని మనమే చాటింపు వేసినట్టు. నీ ఉద్యోగం ఏమవుతుంది?"

మర్నాడు ఆమె డాక్టరు గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. ఆయన రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

"ఇలాంటివి ఎన్ని రాశారు సిస్టర్?"

"ఒక్కటేనండి."

"ఒక్కటేనని నేనెలా నమ్మాలి?"



ఆ పూటే డాక్టరే ఇంకో నర్సుని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. "జ్వరం వస్తే?" అని వదిన అడిగింది. "రావచ్చమ్మా. వస్తే ఏం చేయాలో చెబుతాను, ఏ వేళకి పిలిచినా వస్తాను. తట్టు ముదిరితే మాత్రం నా చేతుల్లో కూడా ఉండదు," అన్నాడాయన. వదిన ఏడుస్తూనే చిన్నదాన్ని ఒళ్లోకి తీసుకుంది. సూదత్త తన గదిలోనే నిలబడిపోయింది. పిల్ల కెవ్వుమన్న కేక మాత్రం వినిపించింది.

ఎనిమిదో రోజు చిన్నదానికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. "ఏమ్మా, ఇటు రా," అని వదిన పిలిచింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ పిలుపు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని తడిబట్టతో ఒళ్లు తుడిచారు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. ఫిట్సు రాలేదు. తట్టూ రాలేదు. మూడు వారాలు నిండాక పిల్ల బడికి వెళ్లింది. అన్నయ్య మాత్రం "ఇంటి గుట్టు బజారున పెట్టింది" అని చెల్లెలితో మాట్లాడటం మానేశాడు.

సూదత్త చేతికి మళ్లీ సిరంజి ఇవ్వలేదు. విచారణ తేలేదాకా పాత రిజిస్టర్లున్న గదిలో కూర్చోబెట్టారు. ఆమె చేతిరాతని వరస వరసగా ఇంకొకరు తనిఖీ చేస్తుంటారు, ఆమె ఆ రిజిస్టర్లు అందిస్తూ ఉండాలి.

అన్నిటికంటే బరువైంది వీధి. ఆమెని చూస్తే ఇప్పుడు పిల్లలు పారిపోవడం లేదు, తల్లులు ఎదురొస్తున్నారు.

"ఏమనుకోకు అక్కా. మావాడికి నిజంగా వేశావా?"

"వేశానమ్మా."

ఒకామె సరేనని తలూపింది. ఆ వారమే పిల్లాడిని వేరే ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ వేయించింది. ఆ సంగతి సూదత్తకి తెలిసింది. తప్పు పట్టలేకపోయింది.