నాయన నోటికి రాని ప్రార్థన

మా చిన్నప్పుడు... ఏర్పేడు పక్కన మా పల్లెలో, సందెవేళ అమ్మ చాప పరిచిందంటే మా గుండెల్లో రాయి పడేది. నాయన ప్రార్థన మొదలుపెడతాడు! మేనత్త మోకాళ్ల నొప్పి, ఎదురింటివాళ్ల చూడి ఆవు, రాని వాన... అన్నీ అయితే గానీ ఆమెన్ లేదు. తలా ఒక బైబిలు వాక్యం అప్పజెబితే గానీ సంగటి ముద్ద పడేది కాదు.

"సంగటి సల్లారిపోతా ఉండాది యేసయ్యా!" అన్నాడు తమ్ముడు ఒకరోజు, కళ్లు మూసుకునే. నాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

తర్వాత తిరుపతికి కాపురం మార్చాం. నాయన ఆటో తోలేవాడు. కొండకొచ్చే జనం ఆదివారాలే ఎక్కువ...

"ఈ ఒక్క వారమేలే మే... వచ్చేవారం వస్తా చర్చికి" అన్నాడు అమ్మతో.

వచ్చాడు కూడా... ప్రసంగం అయిపోయాక. ఆ తర్వాత మమ్మల్ని గేటు దగ్గర దించి అటే స్టాండుకు వెళ్లిపోయేవాడు. ఇంట్లో ప్రార్థనా అంతే. "అలిసిపోయినాను, ఈపొద్దు నువ్వు సేసెయ్" అని అమ్మకు వదిలేశాడు.

తాగుడు నేర్వలేదు. దేవుడి మీద అలగలేదు. ఎవరడిగినా "మేం క్రైస్తవులమే గదప్పా" అనేవాడు. అందుకే మాకెవరికీ భయం వేయలేదు, అమ్మకు తప్ప.

ఒక ఆదివారం అమ్మ ఆటో తాళాలు పట్టుకుని ఏడ్చేసింది. "కొంచెం కొంచెంగా దూరం పోతా ఉండావు... నీకే తెలస్తా లేదు."

"యాడికి పోయినాను మే? ఈడనే గదా ఉండాను!" తాళాలు లాక్కుని వెళ్లిపోయాడు.

కొన్నేళ్లకు నాయనకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. అమ్మ మంచం పక్కన కూర్చుని, "నీ నోటితో ఒక్క ప్రార్థన సెయ్యబ్బా" అని బతిమాలింది.

నాయన చేతులు జోడించాడు. "ప్రభువా..." అన్నాడు. ఆగిపోయాడు. మళ్లీ "ప్రభువా..." అంతే.

"మాట రాలేదే మే... ఆయన నన్ను మర్సిపోయినాడేమో!"

అయ్యో, ఆ కళ్లలో భయం... అది చావు భయం కాదు. అంత బాధ నేను మరెప్పుడూ పడలేదు.

"ఆయన మరవలేదబ్బా" అని అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తనే ప్రార్థించింది. నాయన పెదాలు కదిలాయి. ఆమెన్ అన్నాడో లేదో నాకు వినపడలేదు. మర్నాటికి నాయన లేడు.

ఇప్పుడు ప్రసంగం ఫోన్లోనే వస్తోంది... కూరగాయలు తరుగుతూ వింటాం, సగంలో ఆపేస్తాం. ఎవరూ ఏమీ అనరు. నాకు మాత్రం భయంగా ఉంటుంది.

మీ ఇంట్లో పిల్లలు విసుక్కునేంత పొడుగ్గా ప్రార్థన చేసే మనిషి ఇంకా ఉన్నారా? వాళ్ల గురించి రాయండి, చదవాలని ఉంది... అలాంటి మనిషి ఉంటే మాత్రం, అన్నం చల్లారిపోయినా సరే, వాళ్లను ప్రార్థన ఆపనివ్వకండి.