మిద్దె మీద పన్ను

నా చిన్నప్పుడు మా ఊరికంతా ఒకటే బోరింగు. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఒక మెట్ట పల్లె మాది. ఆ బోరింగు దగ్గర నీళ్ళకంటే తగవులే ఎక్కువ. దాని ఇనుప పిడి మా తలల కంటే పైన ఉండేది. పిల్లలం వేలాడితే తప్ప కిందికి దిగేది కాదు, వదిలితే మాత్రం ఒక్క ఊపున పైకి లేచేది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు, మా చెల్లెలికి తొమ్మిది. ఆ పొద్దున వంతు నాదంటే నాదని కొట్లాడుకున్నాం. అది పిడి లాక్కోవడానికి మీదికి వంగింది. నాకు ఒళ్ళు మండి, "అయితే నువ్వే కొట్టుకో" అని చేతులు వదిలేశాను. పిడి లేచి దాని మూతికి తగిలింది. చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుని కూలబడింది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది. నా కాళ్ళ దగ్గర దాని ముందుపన్ను పడి ఉంది.

మా వైపు పిల్లల పన్ను ఊడితే పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసురుతారు, కొత్తది తొందరగా వస్తుందని. నాకు తోచిన ఉపాయం అదే. కొత్త పన్ను వస్తుంది, నా తప్పూ కనబడకుండా పోతుంది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఇంటివైపు పరిగెత్తి, పేడ వెతికే తీరిక లేక, ఉత్త పన్నునే మిద్దె మీదికి విసిరేశాను.

అంతలో ఏడుపు విని చేరిన ఆడవాళ్ళు చెల్లెల్ని ఇంటికి మోసుకొచ్చారు. రక్తం కారేచోట అద్దడానికి అవ్వ కాఫీపొడి డబ్బా తీసింది. చేలోంచి వచ్చిన నాయన చేతిలో ఎద్దుల్ని తోలే ములుకర్ర అలాగే ఉంది. "ఎవరు వదిలినారు పిడి?" అని అరిచాడు. "అదే జారి పడింది నాయనా" అన్నాను. నోట్లో గుడ్డ కుక్కుకున్న చెల్లెలు నా వైపు చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

పక్కింటి అక్క హిందూపురంలో నర్సు చదువు చదువుతూ సెలవుకు వచ్చి ఉంది. గోల విని వచ్చి, అవ్వ చేతిలో డబ్బా పక్కన పెట్టించి, చెల్లెలి నోరు చూసింది.

"అన్నా, ఎవరు చేసినారనేది రేపు మాట్లాడుకుందాం. పన్ను యాడుండాది?"

"పోయిన పన్నుతో ఏం పనమ్మా, ఇంకోటి వస్తాదిలే" అంది అవ్వ.

"రాదవ్వా. ఇది పాలపన్ను కాదు. బిర్నా దొరికితే డాక్టరు మళ్ళా పెట్టేకి అయితాది. ఆలస్యమైతే కష్టం."

ఆడవాళ్ళు బోరింగు చుట్టూ బురదంతా వేళ్ళతో కెలుకుతున్నారు. అక్కడ లేదని ఒక్క నాకే తెలుసు. చెబితే దొరికిపోతాను. చెప్పకపోతే చెల్లెలు జన్మంతా బోసిగా నవ్వాలి. ఇంత తెలిసీ నోరు పెగల్లేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క వచ్చి నా ముందు గొంతుకూర్చుంది. "నీకేం కాదు పాపా, నేనుండా" అంది మెల్లగా. నేను మిద్దె వైపు చెయ్యెత్తాను.

మిద్దె నిండా వేరుశెనగ కాయలు ఆరబోసి ఉన్నాయి. నాయన, అక్క, నేను ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కో పిడికెడు పక్కకు జరుపుతూ వెతికాం. చివరికి పిట్టగోడ వారన నాకే కనబడింది. "వేరు ముట్టుకోవద్దు, పైన పట్టుకో" అని అక్క కేకేసింది. కాచని పాలు పోసిన మూత డబ్బాలో దాన్ని వేసి, ఆ డబ్బా నా చేతికే ఇచ్చింది.

పట్టుగూళ్ళ సంచులతో కిక్కిరిసిన బస్సులో, గతుకు గతుకుకూ డబ్బాను పొట్టకు అదుముకుంటూ నాయన, చెల్లెలితో పాటు హిందూపురం చేరాను. పళ్ళ డాక్టరు పన్నును దాని చోట పెట్టి, పక్క పళ్ళకు సన్నటి తీగతో కట్టాడు. నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

మర్నాడు తెల్లారింది. అక్క చెప్పిన రేపు అదే. ఎప్పుడు అడుగుతారా అని పొద్దుటి నుంచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. ఇంక తట్టుకోలేక, ఎద్దులు కడుతున్న నాయన దగ్గరికి నేనే పోయి అంతా చెప్పేశాను. ఆయన పలుపు ముడి బిగించాడు. "పో, చెల్లెలికి గంజి తాపు పో" అన్నాడు.

రెండు వారాలు అది నా చేత్తోనే గంజి తాగింది. ఆ పన్ను కాస్త రంగు మారినా చాలా ఏళ్ళు నిలిచింది.

నాకు ఇప్పటికీ కోపం ఎక్కువే. ఇంట్లో పిల్లలు ఏదైనా పాడుచేస్తే "ఎవరు?" అనే మాట నాలుక చివరికి వస్తుంది. దాన్ని మింగి, ముందు ఏది బాగుచేయొచ్చో చూస్తాను. కొందరు మర్నాడు వాళ్ళే వచ్చి చెబుతారు. కొందరు చెప్పరు. చెప్పనివాళ్ళ మీద నాకు కోపం రాదు, నోరు విప్పడానికి ఎంత భయమేస్తుందో నాకు తెలుసు.