మాణిక్యాంబ గారి ముగ్గురు మొగుళ్ళు

ధర్మాసుపత్రిలో కార్డుల గది అంటే మాణిక్యాంబ గదే. నిడదవోలుకి నాలుగు మైళ్ళ అవతల, కాలవ గట్టు మీదున్న ఆ చిన్న ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్ళుగా రోగుల కార్డులు దాచేది ఆవిడే. మనిషి గుమ్మంలో కనపడితే చాలు, పేరు అడక్కుండానే కార్డు తీసి చేతిలో పెట్టేది. ఎవరికైనా ఏ మందైనా పడకపోతే ఆ కార్డు నెత్తిన ఎర్ర పెన్సిలుతో గీత గీసేది. డాక్టర్లు మారారు, నర్సులు మారారు, ఎర్రగీత పద్ధతి మాత్రం మారలేదు. చదివింది ఐదో క్లాసే గానీ, ఆవిడ జ్ఞాపకం ముందు ఏ డిగ్రీ నిలబడుతుందండీ!

రెండు వేల నాలుగులో ఆసుపత్రికి కంప్యూటరొచ్చింది. దాంతోపాటు ఉదయ్‌కుమార్ అనే ఆపరేటరొచ్చాడు. బొంబాయిలో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. మాట మెత్తన, పని చురుకు. కమిటీ ప్రెసిడెంటు బుల్లిరాజు గారు కొబ్బరికాయ కొట్టి, ఊరుకోకుండా తెర మీద కుంకుమ బొట్టు కూడా పెట్టారు. ఆ బొట్టు తుడవడానికి మనసొప్పక ఉదయ్‌కుమార్ చాలా రోజులు దాని పక్కల నుంచే తొంగి చూసి చదువుకున్నాడు.

మూడు నెలలు తిరిగేసరికి అంతా గందరగోళం. షుగరు పరీక్ష చేయించుకున్నావిడకి రిపోర్టు దొరకదు. పోయిన వారం వచ్చినావిడని కంప్యూటరు కొత్తమనిషంటుంది. చిత్రమేమిటంటే తిప్పలన్నీ ఆడవాళ్ళకే. మగాళ్ళ రిపోర్టులు టక్కున వచ్చేసేవి. అలా ఎందుకవుతోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆఖరికి మరిడమ్మ విషయంలో పెద్ద ముప్పే తప్పింది. మరిడమ్మ గోదారి రేవు నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో అమ్ముకునే మనిషి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టి వస్తే, కంప్యూటర్లో ఏమీ లేదు కదా అని నర్సు పెన్సిలిన్ సూది సిద్ధం చేసింది. అటుగా వెళుతున్న మాణిక్యాంబ చూసి గావుకేక పెట్టింది.

"ఆగమ్మా! ఆవిడకది పడదు! పోయినసారి ఊపిరాడక చచ్చి బతికింది!"

పరుగున వెళ్ళి కార్డు తెచ్చి చూపించింది. నెత్తిన ఎర్రగీత ఉండనే ఉంది. నర్సు సూది ట్రేలో పడేసింది.

ఇంక ఊరు ఊరుకుంటుందా? ఆదివారం పొద్దున్నే ఆసుపత్రి వరండాలో మీటింగు పెట్టారు. మాణిక్యాంబ భయం మాత్రం వేరే. పాత కార్డులన్నీ సోమవారం పాత కాగితాలవాడికి ఇచ్చేయాలని కమిటీ ఎప్పుడో తీర్మానించేసింది. వాటిలో ఒక్కటీ ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు, అవి పోతే ఎర్రగీతలన్నీ పోయినట్టే. ఇవాళ మరిడమ్మ బతికింది, రేపు ఇంకెవరో? ఆ బెంగతో ఆవిడకి రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

మీటింగులో ఊరు రెండుగా చీలింది. "ఆ పెట్టె మీద గోనెపట్టా కప్పి మూల పడేయండి," అని సగం మంది. "రాజమండ్రిలో పెద్దాసుపత్రులన్నీ కంప్యూటర్లేనండి, మనం మాత్రం ఈ దుమ్ము కార్డులు పట్టుకుని వేలాడదామా?" అని మిగతా సగం. బుల్లిరాజు గారు కండువాతో మొహం తుడుచుకుని, "ఏంటి బాబూ ఉదయ్, నీ మిషను సంగతేంటి?" అని అడిగారు.

"మిషన్ బాగానే ఉందండి. పేరు, వయసు, ఆడవాళ్ళయితే భర్త పేరు, ఇవన్నీ కలిస్తేనే మనిషి దొరుకుతుంది. వాళ్ళేం చెప్తే అదే కొట్టానండి," అన్నాడు ఉదయ్‌కుమార్, ఏడుపొక్కటే తక్కువగా.

అతని మొహం చూసి మాణిక్యాంబకి జాలేసింది. లేచి నిలబడింది.

"నేనూ మూడుసార్లు నీ దగ్గర రాయించుకుని బీపీ చూపించుకున్నాను కదా బాబూ. నా పేరు కొట్టి చూడు," అంది.

చీటీల కిటికీ వెనకాల కూర్చుని ఉదయ్‌కుమార్ కొట్టాడు. తెర వైపు చూసి బిక్కమొహం వేశాడు.

"పైకి చదువు బాబూ!" అన్నారు బుల్లిరాజు గారు.

"మాణిక్యాంబ, యాభై రెండేళ్ళు, భర్త ఏడుకొండలు. మాణిక్యాంబ, యాభై రెండేళ్ళు, భర్త తిరుపతి. మాణిక్యాంబ, యాభై రెండేళ్ళు, భర్త చినబాబు."

వరండా అంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీ మీదున్న ఆవిడ మొగుడు వెంకన్న, ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి నలుగురిలో లేచి నిలబడ్డాడు. "నా ఒక్కడితోనే వేగలేక ఛస్తున్నానంటావు, ఈ ముగ్గుర్నీ ఎక్కడ దాచావే?" అన్నాడు.

మాణిక్యాంబ సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అప్పుడు తట్టింది ఆవిడకి, కిటుకంతా అక్కడే ఉందని! ఆ ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళెవరూ మొగుడి పేరు నోటితో పలకరు. ఆవిడా అంతే. మొదటిసారి "ఏడుకొండలవాడి పేరు బాబూ" అంది, రెండోసారి "తిరుపతి దేవుడి పేరు" అంది, మూడోసారి హడావిడిలో "మా చినబాబు వాళ్ళ నాన్న" అంది. వరస చూస్తే పొడుగు, అర్థం అడిగే తీరికెక్కడిది? పాపం ఆ అబ్బాయి తోచినంత కొట్టేశాడు.

"ప్రెసిడెంటు గారండి, తప్పు మిషనుదీ కాదు, ఈ బాబుదీ కాదండి," అంది మాణిక్యాంబ. "మా ఆడాళ్ళం మొగుడి పేరు చెప్పమండి. ఏమే మరిడమ్మా, నువ్వేం చెప్పావు?"

"ఒకసారి మా ముసలాడన్నానమ్మా, ఇంకోసారి పడవాయనన్నాను. పేరు పలికితే ఆయుష్షు తగ్గుద్దంటారు కదా, ఎలా చెప్పను?" అంది మరిడమ్మ.

"అయితే ఇప్పుడు ఊరందరి చేతా ఆచారం మాన్పించాలా ఏంటి?" అన్నారు బుల్లిరాజు గారు.

"మేం ఆచారం మానేదాకా జబ్బులాగుతాయా అండీ? పక్కావిడ మొగుడి పేరు చెప్పడానికి దోషం లేదు కదా. అందరి పేర్లూ నాకు నోటికొచ్చు. కంప్యూటరు పక్కన నాకో స్టూలు వేయించండి, నేను చెప్తాను, బాబు కొడతాడు. అన్నీ ఎక్కేదాకా మాత్రం ఒక్క కార్డు కూడా బయటికి పోవడానికి వీల్లేదు. ఎర్రగీతలున్నవి ముందెక్కాలి. ఆ గీత పోతే మనిషి పోతుందండి!"

వరండాలో నవ్వులాగిపోయాయి. బుల్లిరాజు గారు కండువా సర్దుకుని, "స్టూలేంటమ్మా, కుర్చీయే వేయిస్తాను," అన్నారు.

సోమవారం పాత కాగితాలవాడు ఖాళీ రిక్షా తొక్కుకుంటూ తిరిగి వెళ్ళాడు. మొట్టమొదట ఎక్కింది మరిడమ్మ కార్డు, పెన్సిలిన్ పడదని పెద్ద అక్షరాలతో సహా. ఆ తర్వాత రోజూ అదే తంతు. "ఈవిడ ఆయన పేరు చిట్టియ్య బాబూ," అని మాణిక్యాంబ చెప్పేది, పక్కన నిలబడ్డావిడ ముసిముసిగా నవ్వుతూ అవునని తలూపేది. నాలుగు నెలల్లో పని కొసకొచ్చింది.

ఆఖరి కార్డు మాణిక్యాంబదే. ఉదయ్‌కుమార్ ముగ్గురు మొగుళ్ళనీ చెరిపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా."

"నీకు తెలీదేంటి బాబూ!"

"తెలుసండి. కానీ ఎవరో ఒకరు నోటితో చెప్తేనే కొడతాను. మీరు పెట్టిన రూలేగా!"

మాణిక్యాంబ నోరు తెరిచింది, మూసింది. నాలుగు నెలలుగా ఊళ్ళో మొగుళ్ళందరి పేర్లూ గడగడా అప్పజెప్పిన మనిషికి ఒక్క పేరు గొంతు దాటి రాలేదు. బుగ్గలు కందిపోయాయి. ఏం చెయ్యాలో తోచక కిటికీ బయట వరస వైపు చూసింది.

వరసలో మరిడమ్మ ఉంది. నెత్తి మీది చేపల తట్ట కిందికి దించి, "వెంకన్న! ఆవిడ మొగుడి పేరు వెంకన్న, రాసుకో బాబూ!" అని కాలవ అవతలికి వినపడేలా కేకేసింది. వెనకాలున్న ఆడవాళ్ళంతా అందుకుని, "వెంకన్న! వెంకన్న!" అని అరిచారు.

మాణిక్యాంబ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, నవ్వుతూ, అవునని తలూపింది.