దారం మీద అనుమానం

మా బావ టైల్స్ మేస్త్రి. అనుమానం ఆయనకు పుట్టుకతోనే వచ్చింది. కొత్త సిమెంటు బస్తాను కూడా ఎవరైనా విప్పి మళ్ళీ కుట్టారేమోనని తిప్పి తిప్పి చూస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేతికింద పనిచేస్తున్న సొంత బామ్మర్దినైన నన్ను కూడా నమ్మడు.

ఇంట్లో మా అక్కనూ నమ్మడు. ఆయన తండ్రికి ముసలితనంలో చూపు పోయింది. ఈయనకూ ఆ గతి పట్టకూడదని అక్క రోజూ ఆకుకూర వండుతుంది, వారానికి రెండుసార్లు చేప పెడుతుంది, సిగరెట్లు దాచేస్తుంది.

“నన్ను మేకను చేద్దామనుకుంటున్నావా? దీని వెనక ఏదో ఉంది” అని కంచం నెట్టేసేవాడు. ఎండలో టోపీ పెట్టుకోమంటే, బట్టతలను వెక్కిరిస్తున్నావా అని అలిగేవాడు.

మొన్న ఒక వంటగది గోడకు టైల్స్ వేస్తున్నాం. బావ అలవాటు ప్రకారం ఎడమ కన్ను మూసి, కుడి కంటితో వరస చూశాడు.

“వంకర. పీకెయ్.”

పీకి మళ్ళీ వేశాను. మళ్ళీ వంకరే అన్నాడు. మూడోసారికి నాకు ఒళ్ళు మండింది.

“నా పేరు చెడగొట్టి, సొంతంగా పనులు పట్టుకుందామని చూస్తున్నావు. రేపట్నుంచి రాకు” అన్నాడు.

ఇరవై ఏళ్ళ చాకిరీకి దక్కిన మాట అది! కోపంగా గోడ ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి చూడమన్నాను.

“దారమూ వంకరే. ఏం చేశావురా దీన్ని?”

బిగించిన దారం వంకరగా ఎలా ఉంటుంది? నా కోపం ఠక్కున దిగిపోయి భయం పట్టుకుంది.

“బావా, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడు.”

చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇంతలో ఎప్పుడు సరిచేశావు?” అన్నాడు. నేను ఆగకుండా ఆయన్ని కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

వయసు వల్ల కుడి కంటి వెనక పొర మధ్యలో దెబ్బతిందని, అందుకే తిన్ననివి కూడా వంకరగా కనిపిస్తున్నాయని, వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలని కంటి డాక్టరమ్మ చెప్పింది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుందట. పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చట. ఎడమ కంటికి ముప్పు తగ్గాలంటే సిగరెట్ మానాలి, ఆకుకూరలు, చేపలు తినాలి, ఎండలో టోపీ, చలవ అద్దాలు పెట్టుకోవాలి.

బావ నా చెవి దగ్గరకు వంగి, “మీ అక్క ఈవిడకు ముందే ఫోన్ చేసిందా?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను.

ఇంటికొచ్చాక అక్క వడ్డించిన ఆకుకూర కంచం నెట్టకుండా తిన్నాడు. నేను బయల్దేరుతుంటే దారం ఉండ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

“రేపు పెందలాడే రా. వరస నువ్వే చూసి చెప్పు.”

ఉండ నా చేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ, కాసేపు వదల్లేదు.