ఏడాదిలో మసకబారిన గెలాక్సీ

తొంభైల మధ్యలో నేను ఖరగ్‌పూర్‌లో పిహెచ్‌డీ చేస్తున్నాను. నాన్న అక్కడే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఊళ్లోనే ఝపటాపూర్‌లోని మా ఇంటి నుంచి సైకిలు మీద ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లేదాన్ని. దూరపు గెలాక్సీల నడిమధ్య ఉండే భారీ కృష్ణబిలాల గురించి నా పరిశోధన. వాటిలోకి పడే వాయువు వేడెక్కి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. ఒక విదేశీ ఉపగ్రహం తీసిన ఆ కొలతలు టేపుల మీద మాకు పోస్టులో వచ్చేవి.

ఒక గెలాక్సీ దగ్గర ఆగిపోయాను. మొదటి కొలతలో దాని కేంద్రం వెలిగిపోతోంది. ఏడాది తర్వాతి కొలతలో అక్కడ దాదాపు ఏమీ లేదు. వెలుగు కొన్ని పదుల రెట్లు పడిపోయింది. మా గైడు బెంగాలీ ఆయన. కాగితం చూసి, "దేఖో, గెలాక్సీ తప్పు చేయదు. నువ్వే ఎక్కడో చేసుంటావు" అని తిప్పి ఇచ్చేశారు.

మూడు నెలలు నా తప్పు వెతుక్కున్నాను. దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు. అన్నం సయించేది కాదు.

ఒక ఆదివారం నాన్న అడిగాడు. "ఏటమ్మా, అలాగయిపోనావు?"

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు కొలిసే గేజీ మీద అనుమానమైతే, కొలత మారని ముక్కొకటి పెట్టి సూడు. ఆ పక్కన ఇంకో సుక్క ఏదైనా ఉన్నాదా?"

ఉంది. రెండు చిత్రాల్లోనూ ఒక మూల ఒక మామూలు నక్షత్రం ఉంది. మర్నాడు దాన్ని కొలిచాను. రెండుసార్లూ ఒకే వెలుగు! పరికరం బాగానే ఉంది. మారింది గెలాక్సీయే.

గైడు నమ్మారు. మళ్లీ ఒక్కసారి అటు చూడమని ఆ ఉపగ్రహం వాళ్లకు ఉత్తరం రాశాం. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఉపగ్రహంలో ఎక్స్‌రేలను పట్టే డిటెక్టరులో నింపిన గ్యాసు అయిపోయింది, ఇక పనిచేయదు.

"అయితే అది ఆరిపోనాదా, ఏదైనా అడ్డొచ్చినాదా?" అన్నాడు నాన్న.

"తెల్దు నాన్నా. అందిన వెలుగు అంత తక్కువ. దాన్నిబట్టి ఏటీ సెప్పలేం."

"ఇంకెవుల్నైనా అడగరాదా?"

"అంత మసక వెలుగుని మాకోసం సూసేవోళ్లు ఎవులూ లేరు."

నాన్న పాడైన దేన్నైనా విప్పి బాగుచేయగల మనిషి. నా కోసం తను చేయగలిగిందేమీ కనబడక ఆయన కళ్లు చెమర్చడం అప్పుడే చూశాను.

థీసిస్‌లో దానికి ఒక పేరా దక్కింది. చివరి వాక్యం: కారణం తెలియదు.

కొన్నేళ్లకు వేరే ఉపగ్రహంతో వేరేవాళ్లు చూశారు. అది మునుపటిలాగే వెలుగుతోంది. ఆ మధ్యకాలంలో దానికేమైందో వాళ్లూ చెప్పలేకపోయారు. ఆ వ్యాసం నేను లైబ్రరీలో నిలబడే చదివాను. సంతోషించాలో ఏడవాలో తెలియక, దాన్ని అరలో పెట్టి పిల్లలకు క్లాసు చెప్పడానికి వెళ్లిపోయాను.