ముఖం కనపడే పిస్తోలు

ఆ రోజుల్లో మా వీధిలో ఏ వస్తువు పాడైనా ముందు నా పేరే చెప్పేవాళ్లు. బాగు చేయించుకోవడానికి కాదు, ఎవరు పాడు చేశారో చెప్పడానికి. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చుంటే ఆ బెంచీ నా పేరున పట్టా అయిపోతుందని భయపడ్డాడేమో, హెడ్‌మాస్టరే మా నాన్నను పిలిపించి "వీణ్ణి ఏదన్నా పనిల పెట్టు, వీనికీ మంచిది, మాకూ మంచిది" అన్నాడు. అట్లా ఖమ్మంలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే దుకాణంలో చేరాను. దుకాణం పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు (అసలు పేరు ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదని మా అనుమానం). ఉస్తాద్ నాకు నేర్పిన చదువంతా ఒకే ఒక్క మాట. "గిన్నెల గిరాకీకి తన ముఖం కనపడాలె బేటా. కనపడకుంటే పని కానట్టే." బడిలో ఏదీ ఎక్కని బుర్రకు ఇదొక్కటి గట్టిగా ఎక్కింది. అదే కొంప ముంచింది.

బూర్గంపాడు దగ్గరి పల్లెలో మా మేనమామ ఉండేవాడు. మామ మనిషి మంచివాడే గానీ మాట పిసినారి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఎద్దులతోనే. ఆయన ఇంట్లో తలుపు పైన ఒక పాత పిస్తోలు వేలాడుతుండేది. మామ ముత్తాత సైన్యంలో ఏదో పల్టన్‌లో పనిచేసి తెచ్చిందట. గుర్రం మీద వెళ్లే సిపాయిలు వాడే రకం, మూరెడు పొడుగు, ఇనుప గొట్టం, చెక్క పిడి, పిడి చివర ఇత్తడి టోపీ. పేలదు. ఏడాదికోసారి దసరాకు అరకతోపాటు దానికీ పసుపు కుంకుమ దక్కేవి, అంతే. దాని తోలు ఒరలో మామ కొడవలి నూరే రాయి పెట్టుకునేవాడు.

ఆ ఏడు వానలు మధ్యలో ఎగ్గొట్టాయి. మామ రెండెకరాల మిరప తోట వాడిపోతోంది. బోరు వేయిస్తే తోట దక్కుతుంది, లేకుంటే లేదు. సరిగ్గా అప్పుడే, భద్రాచలం వెళ్లే హైదరాబాదు సారొకాయన కారు వేడెక్కి, నీళ్ల కోసం మామ ఇంటి ముందు ఆగాడు. తలుపు పైన పిస్తోలు చూసి నీళ్ల సంగతే మర్చిపోయాడు. ఆయనకు పాత ఆయుధాలు పోగుచేసే పిచ్చి, దానికి కావలసిన అనుమతులూ ఉన్నాయి. భూతద్దంతో అటూ ఇటూ చూసి, ఎంత ఇస్తానో చెప్పాడు. ఆ మాట విని మామ ఆ రోజు కోటాకు మించి మాట్లాడాడట: "బోరు పడ్డట్టే." సారు వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఆదివారం వస్తాను. ఇది ఎలా ఉందో అలాగే ఉంచండి" అని చెప్పాడు.

మామ బోరు బండి మాట్లాడటానికి పినపాక వెళ్లి, అది దొరికేదాకా అక్కడే ఉండిపోయాడు. నేను ఆ వారమే (కోడికూర తప్ప వేరే కారణం లేకుండా) వాళ్లింటికి వెళ్లాను. అత్త పిస్తోలు చేతికిచ్చి, "జర తోమియ్యిరా, తుప్పు పట్టి ఎట్లున్నదో చూడు" అంది. "ఎట్లున్నదో అట్లనే ఉంచుమన్నడంట గదా అత్తా?" అన్నాను. అత్త నవ్వింది. "పిల్లను చూడొచ్చేటోళ్లు గూడ గట్లనే అంటరు, మేమేం పట్టించుకోమని. అయినా మనం తల దువ్వి, పౌడరు రాసి తీసుకరామా ఏంది?"

ఇంతకన్నా బలమైన వాదన నాకు ఇప్పటికీ దొరకలేదు. పిస్తోలును తువ్వాలులో చుట్టి, అది పేలని పాత సామానని ఠాణా ముద్రతో ఉన్న కాయితం జేబులో పెట్టుకొని ఖమ్మం బస్సెక్కాను. (దారిలో తనిఖీ చేసిన పోలీసాయన కాయితం చదివి, పిస్తోలునూ నన్నూ మార్చి మార్చి చూసి, "రెంటిల ఏదీ పేలేటట్టు లేదు, పో" అన్నాడు.)

ఉస్తాద్ దాన్ని వెలుతురులో పట్టుకొని చాలాసేపు చూశాడు. "పాత సామాను మీద చెయ్యేసే ముందు మాలిక్‌ను అడగాలె. అడిగినవా?"

"అవ్ ఉస్తాద్, అడిగిన."

ఇక్కడ నేను అబద్ధం ఆడలేదనే అప్పుడు అనుకున్నాను. మామ మాలిక్ అయితే, మామకు మాలిక్ అత్తే కదా.

రెండు రోజులు పట్టింది. చింతపండుతో మొదలుపెట్టి గరుకు కాయితం దాకా వెళ్లాను. గొట్టం మీద ఏవో గీతలు, కిరీటంలాంటి బొమ్మ, అరిగిపోయిన అంకెలు ఉంటే, పాపం ఎవరో మేకుతో గీకారనుకొని ఓపిగ్గా నున్నగా చేశాను. చెక్కకు మంచాల కోళ్లకు వేసే వార్నిష్ రెండు పూతలు వేశాను. తుప్పు మరలు తీసి పారేసి కొత్తవి బిగించాను. చివరికి గొట్టానికి తెల్లగా కళాయి కూడా పూశాను. నా ముఖం అందులో నాకు ఎంత స్పష్టంగా కనపడిందంటే, మొటిమలు లెక్కపెట్టుకోవచ్చు. ఒరను మాత్రం ముట్టుకోలేదు. నూరుడు రాయి మడ్డి, ఎద్దుల కొట్టం వాసన. అంత మురికి నా పనితనానికి తగదనిపించింది.

ఆదివారం పొద్దున పినపాక నుంచి మామ, ఆ వెనకే కారులో సారు, ఒకేసారి దిగారు. నేను పిస్తోలును పళ్లెంలో పెట్టి, కొత్త తువ్వాలు కప్పి, తాంబూలం ఇస్తున్నట్టు తెచ్చాను. సారు తువ్వాలు తీశాడు. భూతద్దం తీశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇందులో నా ముఖం కనిపిస్తోంది" అన్నాడు మెల్లగా.

"అవ్ సార్!" అన్నాను గర్వంగా.

"ఇక్కడ ఓ ముద్ర ఉండాలి. పల్టన్ నంబరు ఉండాలి."

"గీతలు సార్. అన్నీ తీసేసిన."

సారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. దవాఖానాలో డాక్టరు మాట్లాడినట్టు మాట్లాడాడు. "బాబూ, ఆ గీతల కోసమే నేను డబ్బిస్తానన్నది. ఆ తుప్పు దీని వయసు, ఆ నంబరు దీని పేరు. రెండూ పోయాక ఇక ఇది నాటకాల సామానే. కొత్తది కావాలంటే కొత్తదే కొనుక్కుంటాను కదా?"

మామ పిస్తోలు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. వాకిలి అవతల తలలు వాల్చిన మిరప మొక్కల వైపు చూశాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి వెళ్లిపోయింది. నేను తువ్వాలు తీసి పిస్తోలు మీద మళ్లీ కప్పాను.

సారు లేచి, చెప్పులు వేసుకోబోతూ ఆగాడు. గుంజకు వేలాడుతున్న ఒరను చూపించి, "అదేంటి?" అన్నాడు. మామ అందులోని రాయి తీసేసి ఒరను చేతికిచ్చాడు. సారు మడ్డిని గోటితో కొంచెం జరిపితే, కింద తోలు మీద నంబరు, కిరీటం, రెండూ ఉన్నాయి. ఆయన నా వైపు తిరిగి, నిజంగా భయంగానే అడిగాడు: "దీన్ని నువ్వు ముట్టుకోలేదు కదా?"

ఒరకు వచ్చిన డబ్బుతో బోరు పడలేదు. పాత ఆయిల్ ఇంజనూ, వాగు నుంచి తోట దాకా పైపులూ వచ్చాయి. రెండెకరాల్లో ఎకరం దక్కింది, ఎకరం ఎండింది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. పండుగలకు వెళ్లినప్పుడల్లా కోడి కోయించాడు, తన పళ్లెంలో ముక్కలు నాకే వేశాడు. పిస్తోలు మళ్లీ తలుపు పైకెక్కింది. గడపదాటే ప్రతిసారీ అందులో నా ముఖం నాకు కనపడేది.

పాతికేళ్లు గడిచాయి. స్టీలు గిన్నెలొచ్చి కళాయి దుకాణం మూతపడింది, ఉస్తాద్ లేడు, నేను ఇప్పుడు ఆ స్టీలు గిన్నెలే అమ్ముతున్నాను. మొన్న మామ మనవరాలిని తొట్టెల్లో వేసే ఫంక్షన్‌కని తలకూ మీసాలకూ నల్లరంగు దట్టంగా పట్టించి, గడ్డం నున్నగా గీయించుకొని, ఎవరైనా వయసు అడిగితే బాగుండునని అందరి మధ్యా తిరుగుతున్నాను. మామ మంచం మీద కూర్చొని ఉన్నాడు. కళ్లు సరిగా ఆనడం లేదు. దగ్గరికి రమ్మని, నా గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పి, అచ్చం ఆ సారు చూసినట్టే అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత, పాతికేళ్లుగా దాచుకున్న మాట మెల్లగా బయటపెట్టాడు.

"నిన్ను నువ్వు గూడ తోముకున్నవా అల్లుడూ? అప్పుడంటే ఒరన్నా మిగిలింది."