కళ్లు తెరిచి చేసే ప్రార్థన

కామారెడ్డి బస్టాండు వెనక సందులో ఎవరో కిచిడీ అడుగంటించారు. మొన్న స్కూలు వ్యాను ఆపుకుని టైరులో గాలి చూసుకుంటుంటే ఆ మాడు వాసన వచ్చి ముక్కులో కూర్చుంది. ఇంకెవరికైనా అది వంట చెడిన వాసన. నాకు మాత్రం సువార్తమ్మ వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఆమె వండిన కిచిడీ మాడని రోజు నాకు గుర్తు లేదు.

సువార్తమ్మ ఎల్లారెడ్డిలో ఒక చిన్న చర్చి మనిషి. పాస్టరు కాదు, టీచరు కాదు. బైబిలు సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్ద గిన్నెడు కిచిడీ వండి, దాన్ని అప్పట్లో నేను నడిపే ఆటోలో పెట్టించి, కామారెడ్డిలో రైలు పట్టాల పక్కనున్న బస్తీకి వచ్చేది. దారి పొడుగునా ఆ గిన్నెను గోనెసంచితో ఒడిసి పట్టుకుని కూర్చునేది. బస్తీ పిల్లలూ, స్టేషన్లో పడుకునే పిల్లలూ వచ్చి తినేవాళ్లు. తిన్నాక పాటలు, కాసేపు అక్షరాలు. మా ఇంటి దేవుళ్లు మాకున్నారు కాబట్టి నేను భక్తితో వెళ్లలేదు. మొదట కిరాయికి వెళ్లాను, తర్వాత అలవాటై వెళ్లాను.

నాకు కథలు అల్లే జబ్బుంది. పోచారం అడవి దగ్గర ఒక పులి పంజా ఎత్తి నా ఆటో ఆపిందనీ, ఎల్లారెడ్డి దాకా బుద్ధిగా కూర్చుని, బస్టాండులో దిగి మందిలో కలిసిపోయిందనీ ఆ పిల్లలకు చెప్పేవాణ్ని. సువార్తమ్మ నవ్వేది కాదు, ఖండించేదీ కాదు. ఒకసారి మాత్రం గరిటె పట్టుకుని తీరిగ్గా అడిగింది.

"ముందట కూసున్నదా, ఎనుక కూసున్నదా, తమ్మీ?"

వెనక అన్నాను.

"మంచిగైంది. ముందట కూసుంటే నీ ముచ్చట్లు ఇనలేక మధ్యలనే దుంకుతుండె."

మొదట్లో బస్తీ ఆడవాళ్లు దూరంగానే ఉన్నారు. చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఆమెను ఓరగా చూసేవాళ్లు. ఒక ముసలావిడ ముఖం మీదే అడిగేసింది, కిచిడీ పెట్టి మా పిల్లల మతం మారుస్తావా అని. "దాంట్ల మతం ఏం కలుపుతనవ్వా, ఉప్పే సక్కగ కలపరాదు నాకు," అంది సువార్తమ్మ. ముసలావిడ కాస్త నోట్లో వేసుకుని, ఆ మాట నిజమేనని తేల్చింది. తర్వాత నుంచి ఉప్పు పొట్లం పట్టుకుని గిన్నె దగ్గర ఆవిడే కూర్చునేది. సువార్తమ్మ యేసు పేరు చెప్పకుండా ఉండేది కాదు, వినమని ఎవరినీ పట్టి కూర్చోబెట్టేదీ కాదు.

ఆ పిల్లల్లో లచ్చిమి అని ఒక పిల్ల ఉండేది. పదేళ్లుంటాయేమో. తల్లి పోయింది, మగ్గాల పనికని భీవండి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. చిన్నా అనే తమ్ముడితో స్టేషన్లో ఉండేది. చున్నీ ఒక కొస తన మణికట్టుకు, ఇంకో కొస వాడి నడుముకు కట్టుకునేది. ఎంత చెప్పినా కూర్చుని తినేది కాదు. నిలబడే వాడికి పెట్టి, నిలబడే తను తినేది, నాలుగు దిక్కులా చూస్తూ. అప్పటికే స్టేషన్లో ఒకడు ఆమెకు బిస్కెట్లూ గాజులూ ఇవ్వడం మొదలుపెట్టాడు. పట్నం తీసుకెళ్లి పని ఇప్పిస్తానంటున్నాడని బస్తీలో అందరికీ తెలుసు. సువార్తమ్మ ఎల్లారెడ్డిలో తమ చర్చి హాస్టల్లో అక్కాతమ్ముళ్లకు చోటు అడిగింది. ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చింది. ఇక కావలసింది లచ్చిమి ఒప్పుకోవడమే. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించేద్దామని నేనంటే, "బలిమిటికి తీస్కపోతే ఆనికి నాకు ఫరక్ ఏముంది?" అంది.

హాస్టల్ కళ్లారా చూస్తే ఒప్పుకుంటుందని, క్రిస్మస్ ముందు పిల్లలందరితో పాటు ఆమెనూ ఎల్లారెడ్డి చర్చికి తీసుకొచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరు మంచివాడే. కేకు బల్ల మీద పెట్టించి, ప్రార్థన కోసం అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ ప్రార్థనంటే అదే. పిల్లలు మూశారు. లచ్చిమి మూయలేదు. ఆయన మెల్లగా వచ్చి తల మీద చెయ్యి పెట్టి, మూసుకో తల్లీ అన్నాడు. మూసింది. ఆయన ప్రార్థన కొంచెం పొడుగు. ఆమె కళ్లు తెరిచేసరికి చున్నీ కొస నేల మీద ఉంది, చిన్నా లేడు.

ఆ పిల్ల తలుపు దగ్గరున్న నన్ను తోసేసి రోడ్డు మీదికి ఉరికింది. చిన్నాగాడు బల్ల కిందే ఉన్నాడు, గుడ్డ చాటున, మూతినిండా క్రీముతో. వాణ్ని ఎత్తుకుని వెంట పరిగెత్తి అందించాం. తీసుకుంది గానీ మా ఎవరి వంకా చూడలేదు. తిరుగు దారిలో ఆటోలోకి నేను పులిని ఎక్కించినా ఆమె ముఖం మారలేదు. హాస్టల్ మాట ఎత్తితే ఒకటే అంది: "ఆడ కండ్లు ముయ్యమంటరు."

పాస్టరు నొచ్చుకున్నాడు. కళ్లు మూయడం కూడా నేర్పకపోతే పిల్లలకు భక్తి ఎట్లా వస్తుందని అడిగాడు. సువార్తమ్మ వాదించలేదు. "అయ్యగారూ, టేషన్ల పండుకునే పిల్లకు కండ్లు మూసుడంటే తమ్మున్ని ఇడిసిపెట్టుడే," అని మాత్రం అంది.

తర్వాతి ఆదివారం లచ్చిమి రాదనుకున్నాను. వచ్చింది గానీ, దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. సువార్తమ్మ చేతులు జోడించింది. అన్నాళ్లూ కళ్లు మూసుకునే ప్రార్థన చేసిన మనిషి, ఆ రోజు చిన్నావైపే చూస్తూ నిలబడింది.

లచ్చిమికి అనుమానమొచ్చింది. "ఏంది, నువ్వు కండ్లు మూస్తలేవు?"

"మీ తమ్మున్ని సూస్తున్న."

"మరి ప్రార్థన?"

"గిదే బిడ్డా ప్రార్థన. నువ్వు మూసుకో. నేను సూస్తుంట."

పిల్ల చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత కూర్చుంది. కూర్చునే తింది. తిన్నచోటే, పట్టపగలు, గోడకు ఒరిగి నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో మరి. ఆ రోజు పాటల్లేవు, అక్షరాల్లేవు. మిగతా పిల్లలు గుసగుసగా ఆడుకున్నారు. చిన్నాగాడు నడుము ముడి విప్పుకుని నా ఆటో హారన్ మీదికి వస్తే, సువార్తమ్మ వాణ్ని ఎత్తుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పొద్దు వాలుతుంటే లచ్చిమి లేచింది. చున్నీ కొస తడిమితే ఖాళీగా తగిలింది. ఉలిక్కిపడి చూస్తే తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు, సువార్తమ్మ ఒళ్లో. ఆమె చూపు ఇంకా వాడి మీదే ఉంది.

"హాస్టల్ల నువ్వుంటవా?" అని అడిగింది లచ్చిమి.

"ఉంట."

అప్పటిదాకా చర్చి వెనక గదిలో ఉండే సువార్తమ్మ ఆ వారమే సామాను హాస్టల్‌కు మార్చుకుంది. పోయేదాకా అక్కడే ఉంది.

పోయిన వానాకాలంలో ఆమెను మట్టి చేశాం. సమాధి దగ్గర అదే పాస్టరు, ఇప్పుడు తల నెరిసింది, ప్రార్థన చేద్దామన్నాడు. జనమంతా కళ్లు మూశారు. అక్కడక్కడా కొందరు మూయలేదు. కామారెడ్డిలో బట్టలు కుట్టే లచ్చిమి, ఆమె కంటే జానెడు ఎత్తు పెరిగిన చిన్నా, ఇంకా హాస్టల్లో పెరిగి నలుదిక్కులా పోయినవాళ్లు. కన్నీళ్లు కారుతున్నా రెప్ప వాల్చకుండా, చుట్టూ తిరుగుతున్న పిల్లల మీద చూపు పెట్టి నిలబడ్డారు. పాస్టరు కూడా మూయలేదు.

నేను ఇప్పటికీ మా దేవుడికే మొక్కుతాను. జాతరలో గంట మోగి అందరూ కళ్లు మూసుకుంటే, ఆ తొక్కిసలాటలో చెయ్యి వదిలిన పిల్ల ఎవరైనా ఉందేమోనని చూస్తుంటాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది, దేవుని ముందట గూడ దిక్కులు సూస్తవేందని. మొక్కుతున్నానే అంటాను. నా అబద్ధాల్లో అదొకటనుకుని ఊరుకుంటుంది.